గిటారు పాటల క్యాసెట్

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు బీరువా అడుగున ఉన్న ఒక క్యాసెట్ బయటికి తీశాను. టీడీకే, తొంభై నిమిషాలది. డబ్బా మూత ఒక పక్క విరిగింది. లోపలి కార్డు మీద నీలం బాల్‌పెన్నుతో, కుడికి వాలిన గుండ్రటి అక్షరాల్లో ‘గిటారు పాటలు’ అని ఉంది. ఆ చేతిరాత నాది కాదు. అరసవల్లి నుంచి శ్రీకాకుళం ఊళ్లోకి వచ్చే దారిలో రికార్డింగ్ షాపు నడిపిన ఆయనది. నాకు గిటారు పాటలు కావాలని అడిగితే ఆయన కౌంటరు మీద మోచేతులు ఆనించి, “ఏటి బావూ, ఇప్పుడు గిటారు నేని పాటేదీ? ఏటి కావాలో సీటీ మీద రాసి తే” అన్నాడు. ఆ రాత్రంతా కూర్చుని రాశాను.

2001 వేసవి అది. సైడ్ ఏలో 9 పాటలు, సైడ్ బీలో 8. అభినందన, ప్రేమ, గీతాంజలి, శివ, ప్రేమికుడు, సఖి, తమ్ముడు, బద్రి, ఖుషి అంటూ కార్డు మీద సినిమాల పేర్లున్నాయి. స్వరకర్త పేరు లేదు, పాడినవాళ్ల పేర్లు లేవు, గిటారు వాయించినవాళ్ల ఊసే లేదు. పదిహేడో అంకె పక్కన సినిమా పేరు కూడా లేదు.

తెలుగులో మెలొడీ రాక్ అనేది ఉందా అన్న ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంది. సంగీతం బాగా తెలిసినవాళ్లు చాలామంది లేదంటారు. బ్యాండ్లు లేవు, ఆల్బమ్‌లు లేవు, కచేరీలకు టికెట్టు కొని వెళ్లే జనం లేరు, ఇక రాక్ ఎక్కడిదని వాళ్ల వాదన. సినిమా పాట ప్రేమికులు మాత్రం మనకు అన్నీ సినిమా పాటలోనే ఉన్నాయి, విడిగా వెతకడం దేనికంటారు. రెండూ సగం సగమే నిజం. తెలుగు మెలొడీ రాక్ ఉంది. అయితే దాదాపు ఏ ఒక్క ఆల్బమ్‌లోనూ నిండుగా లేదు. సినిమాకు ఒకటి, రెండు పాటల చొప్పున నలభై ఏళ్ల మీద చెదిరిపోయి ఉంది. దాన్ని ఒకచోటికి చేర్చినవాళ్లు స్వరకర్తలు కారు, ఆడియో కంపెనీలూ కారు. చీటీ రాసిన శ్రోత, ఆ చీటీ చూసి రికార్డు చేసిన షాపు మనిషి. వాళ్ల సంకలనమే ఆ సంగీతానికి ఒక రూపం ఇచ్చింది. పేర్లు పోయింది కూడా ఆ సంకలనంలోనే.

మెలొడీ రాక్ అంటే ఏమిటో ముందు అనుకుందాం. నడక తప్పని డ్రమ్స్, కింద దన్నుగా బేస్ గిటారు, రంగు కోసం గరగరలాడే ఎలక్ట్రిక్ గిటారు, వీటన్నిటి పైన నోటికి పట్టే రాగం. కేకలకన్నా రాగానికే పెద్దపీట. అమెరికాలో జర్నీ, ఫారినర్, సర్వైవర్ లాంటి బ్యాండ్లు 1980ల్లో ఈ దారిలో వెలిగాయి. ఇలాంటి పాటలు ప్రపంచమంతా పాకడానికి సినిమాలు పెద్ద ఊతం. రాకీ 3 (1982) కోసం సర్వైవర్ చేసిన పాట, ఫుట్‌లూస్ (1984), టాప్ గన్ (1986) ఆల్బమ్‌లు తెలిసినవే. అక్కడ సినిమా ఆల్బమ్ అంటే దాదాపు సంకలనమే. ఒక పాట ఒక బ్యాండుది, ఇంకోటి ఇంకొకరిది. వేర్వేరు ఇళ్ల వంటలు ఒకే విస్తట్లో వడ్డించినట్టు.

మన దగ్గర వరస తిరగబడింది. సినిమా పాటలన్నీ ఒకే స్వరకర్తవి. ఆరు పాటలుంటే ఒకటి భక్తి, ఒకటి జానపదం, రెండు డ్యూయెట్లు, ఒకటి విషాదం, ఒకటి కుర్రకారు కోసం. కథకు కావాల్సిన రుచులన్నీ ఆ ఒక్క మనిషే వండాలి. అందుకే తెలుగు సినిమా క్యాసెట్‌ను మొదటి నుంచి చివరిదాకా వింటే రాక్ ఆల్బమ్ విన్న అనుభూతి దాదాపు ఎప్పుడూ రాదు. రాక్ అందులో ఒక పాట, లేదా ఒక పాటలో రెండో చరణానికి ముందొచ్చే బిట్. తెలుగు శ్రోత పాటల్ని పంచుకున్న తీరు కూడా ఈ సంగీతానికి చోటివ్వలేదు. మనకు పాట అంటే మెలొడీ, కాకపోతే బీట్. మెలొడీ అంటే నెమ్మదిగా, హాయిగా సాగేది. బీట్ అంటే హాలు అదిరేది. నెమ్మదిగా మొదలై, గిటారు గరగరతో లేచి, మళ్లీ రాగంలోకి ఒదిగే పాటను ఎందులో వేయాలి? షాపు ఆయన అడిగింది అదే. నా దగ్గర జవాబు లేకే ‘గిటారు పాటలు’ అని రాయించాను.

*

ఈ చెదిరిన పాటల దారిని వెనక్కి పట్టుకుని వెళితే మా వైపు ఊళ్లు చాలా తగులుతాయి. సాలూరు రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. సినిమాకు బయట తెలుగు పాట బతకగలదని రుజువు చేసిన తొలివాళ్లలో ఆయనొకరు. ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన లలితగీతాల గ్రామఫోను రికార్డులు ఏ సినిమావీ కావు. నేటి భాషలో చెప్పాలంటే ప్రైవేటు పాటలు. 78 ఆర్‌పీఎం రికార్డు మీద ఒక పక్కకు మూడు నిమిషాల చిల్లరే చోటు. ఆ చోటులోనే పల్లవి, చరణాలు, వాద్యాలు అన్నీ ఇమడాలి. పాశ్చాత్య వాద్యాలంటే ఆయనకు బెదురు లేదు. మల్లీశ్వరి (1951) చేసిన చేతులే పదేళ్లకు ఇద్దరు మిత్రులు (1961)లో క్లబ్బు పాట కూడా చేశాయి.

ఆయన కొడుకే కోటి. టి.వి. రాజు కొడుకు రాజ్‌తో కలిసి రాజ్–కోటి పేరుతో 1980ల చివరి నుంచి 1994 దాకా తెలుగు క్యాసెట్ బజారును ఏలినవాడు. వాళ్ల పాటలు ముప్పాతిక పాళ్లు బీట్ వైపే మొగ్గుతాయి, నా జాబితాలో ఒక్కటీ లేదు. అయినా వాళ్లను వదిలేసి ఈ కథ చెప్పలేం. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాడు ఏ.ఆర్. రెహమాన్. మద్రాసులో నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండులోనూ ఆయన ఉండేవాడు. రోజా (1992), జెంటిల్‌మన్ (1993), ప్రేమికుడు (1994) డబ్బింగ్ క్యాసెట్లు తెలుగు ఇళ్లలోకి వచ్చినప్పుడు, ఒక రాక్ బ్యాండు కుర్రవాడి చెవి సినిమా పాటలోకి వచ్చింది. ముఖ్యంగా కింది స్వరాల్లో. కీత్ పీటర్స్ లాంటి బేస్ గిటారిస్టుల వేళ్లు అంత స్పష్టంగా వినపడటం మా టూ ఇన్ వన్‌లకు కొత్త.

అంతకుముందే ఒక ఏడాది ఉంది. ఈ విషయం మీద ఎవరు రాసినా అక్కడ ఆగాల్సిందే. 1989. ప్రేమ, గీతాంజలి, శివ, మూడూ ఆ ఏడాదివే, మూడూ ఇళయరాజావే. ప్రేమలో వెంకటేష్ పాటగాడు. గిటారు అతని చేతిలో అలంకారం కాదు, కథలో భాగం. గీతాంజలి ఊటీ మంచులో చనిపోబోయే ఇద్దరి కథ, పాటలు వేటూరివి. శివ కాలేజీ గొడవలతో మొదలై ఊరి రౌడీరాజ్యం దాకా పోయే సినిమా. మూడు లోకాలకూ పొత్తు లేదు. మూడింటి పాటలూ ఒకదాని వెంట ఒకటి వింటే మాత్రం ఒకే ఆల్బమ్ విన్నట్టుంటుంది. అందుకు కారణం బేస్ గిటారు. ఇళయరాజా పాటలో బేస్ అంటే తాళానికి తోడుగా ఒకే స్వరాన్ని కొట్టేది కాదు. గొంతు ఒక రాగం పాడుతుంటే అడుగున అది ఇంకో రాగం పాడుతుంది. గొంతు ఆగిన చోట అది నడుస్తుంది, గొంతు లేచే చోట అది దిగుతుంది. ఆయన వాద్య బృందంలో బేస్ వాయించింది శశిధరన్, గిటారు సదానందం, కీబోర్డు విజీ మాన్యుయల్, డ్రమ్స్ పురుషోత్తమన్. ఈ నాలుగు పేర్లు నాకు తెలిసేసరికి ముప్పై దాటాయి. అప్పటికి ఆ పాటలు వేలసార్లు విన్నాను.

అంతకు ఏడాది ముందు వచ్చిన అభినందన (1988) గురించి ఒక మాట. ఆత్రేయ మాటలు, బాలసుబ్రహ్మణ్యం గొంతు. సినిమాను మరిచిపోయినవాళ్లు కూడా ఆ క్యాసెట్‌ను మరవలేదు. బాలుగారిని మెలొడీ గాయకుడని అందరూ అంటారు. అందమైన అనుభవం (1979)లో ఎం.ఎస్. విశ్వనాథన్ చేసిన పాటలు విన్నవాళ్లకు ఆయన గొంతులో రాక్ అండ్ రోల్ కుదుపు ఎంత సహజమో తెలుసు. ఆ కుదుపును అణిచిపెట్టి, సాగదీసి పాడటమే అభినందన.

*

నా చీటీలో ఎక్కువ పాటలు రమణ గోగులవి. ఆయన దారి వేరు. బ్యాండు నుంచి, అయే లైలా అనే ప్రైవేటు ఆల్బమ్ నుంచి సినిమాలోకి వచ్చాడు. ప్రేమంటే ఇదేరా (1998), తమ్ముడు (1999), బద్రి (2000). తన పాటలు తనే పాడే స్వరకర్త, సానపట్టని గరుకు గొంతు. తమ్ముడు క్యాసెట్‌లో ఒక పాట పల్లవి నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే ఉంటుంది. హీరో కిక్ బాక్సింగ్ సాధన చేసే చోట అది వస్తుంది. సర్వైవర్ పాటతో రాకీ సినిమాలు నేర్పిన పాఠం అదే: మనిషి ఒళ్లు వంచి పరిగెత్తేటప్పుడు వెనక గిటారు ఉండాలి. మా వీధిలో ఇంగ్లీషు ముక్క రాని కుర్రాళ్లు ఆ పాటను నాగావళి గట్టు మీద పరిగెత్తుతూ పాడేవారు. మాటలు సరిగ్గా పలికారో లేదో ఎవరూ చూడలేదు. రాగం మాత్రం ఒక్క స్వరం తప్పలేదు.

ఆ క్యాసెట్‌లోనే ఇంకోటి జరిగింది. నాకు అసలు రాయాలనిపించేది దాని గురించే. ఇంగ్లీషు రాక్ పాట ఉన్న ఆ సినిమాలోనే పవన్ కల్యాణ్ తన గొంతుతో జానపదాల తునకలు పాడాడు. తర్వాత ఖుషి (2001)లో, జానీ (2003)లో మళ్లీ పాడాడు. వాటిలో కొన్నింటి యాస మా వైపుది. పెళ్లిళ్లలో, నాట్ల దగ్గర, గ్రామదేవతల సంబరాల్లో విన్న పాటలు ఎలక్ట్రిక్ గిటారు పక్కన కూర్చున్నాయి. హాల్లో ఈలలు పడ్డాయి. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. అమ్మమ్మ ఊళ్లో విన్నదాన్ని తెర మీద వినడం అదే మొదలు.

అవి అలా పక్కపక్కన అమరడానికి కారణముంది. ఉత్తరాంధ్ర పాటలో తాళం నడకది, ఊపుది. తప్పెటగుళ్లు చూసినవాళ్లకు తెలుసు. రొమ్ము మీద కట్టుకున్న రేకు తప్పెట్లు వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో ఎదురు తాళం వేస్తూ గుండ్రంగా తిరుగుతారు. డ్రమ్స్ చేసే పనంతా అక్కడ మనిషి ఒంటి మీదే జరుగుతుంది. ఇక జముకు సంగతి చెప్పాలి. ఒక పక్క తోలు మూసిన గొట్టం, ఆ తోలు నడుమ నుంచి బిగించిన తీగ. గొట్టాన్ని చంకలో ఇరికించి, ఒక చేత్తో తీగ బిగువు మారుస్తూ రెండో చేత్తో మీటుతారు. బిగువు పెంచితే స్వరం పైకి జారుతుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఆ జారుడు ఒక్కసారి విన్నవాడికి బేస్ గిటారు పరాయి వాద్యమనిపించదు. జముకుల కథ చెప్పే ఆడవాళ్ల పాట కింద ఆ జారుడు ఎన్నో తరాలుగా నడుస్తోంది. ఇళయరాజా బేస్ మా వాళ్ల చెవులకు వెంటనే పట్టడం వెనక జముకు ఉందని నా నమ్మకం.

సినిమా ఈ పాటల్ని ఎలా వాడుకుందో చూస్తే రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, రాసినవాడి పేరుతో తీసుకోవడం. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు (1943–2020) జననాట్యమండలి కోసం కట్టిన పాటను ఆర్. నారాయణమూర్తి అర్ధరాత్రి స్వతంత్రం (1986)లో పెట్టాడు. పాట వంగపండుదని ఊరూరా తెలుసు. రెండోది, జానపదం అని రాసి ఊరుకోవడం. జానపదం అనగానే పాట ఎవరిదీ కాదన్నమాట. 2020లో వచ్చిన పలాస 1978 సినిమా శ్రీకాకుళం జిల్లా జీడిపిక్కల ఊళ్ల కథ. రఘు కుంచె సంగీతం. అందులోని ఒక జానపదం ఫోన్లలో డ్యాన్స్ వీడియోల మీదుగా రెండు రాష్ట్రాలూ చుట్టేసింది. అది మా జిల్లా పాట అని గర్వపడ్డాం. పాడిన మూల గొంతులు, జముకులు పట్టుకున్న చేతులు, ఆ పాటను అంతదాకా మోసుకొచ్చిన ఇళ్లు మాత్రం ఏ ఆల్బమ్ కార్డు మీదా లేవు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం సినిమా పాట రాసినవాళ్లకూ స్వరపరిచినవాళ్లకూ వదులుకోలేని రాయల్టీ హక్కు ఇచ్చింది. మంచి చట్టం. అయితే అందులో వాటా రావాలంటే ముందు కాగితం మీద ఒక పేరుండాలి. జముకుల పాటకు ఆ పేరే లేకుండా చేశాం.

*

ఇప్పుడు సంకలనాల దగ్గరికి వస్తాను.

కంపెనీలు తెచ్చిన ‘హిట్స్’ క్యాసెట్లు నాలుగైదు రకాలు. హీరో పేరు మీద, గాయకుడి పేరు మీద, స్వరకర్త పేరు మీద, భావం పేరు మీద (విషాద గీతాలు, డ్యూయెట్లు, వాన పాటలు), ఏడాది పేరు మీద. రథసప్తమి నాడు అరసవల్లి గుడి దారి పొడవునా వెలిసే దుకాణాల్లో ఇవన్నీ ఆదిత్య హృదయం క్యాసెట్ల పక్కన తాళ్లకు వేలాడేవి. ఇంద్ర పుష్కరిణి వైపు నుంచి సుప్రభాతం, ఎదురు దుకాణం నుంచి మెగా హిట్స్, మధ్యలో జనం. వీటిలో అన్నిటికన్నా పనికిరానివి హీరో పేరు మీద కూర్చినవి. పోస్టరుకు తప్ప పాటకు అందులో న్యాయం లేదు. ఒకే హీరోకు పదిమంది స్వరకర్తలు, పది కాలాలు, పది రకాల రికార్డింగ్‌లు. ఒక పాట గొణుగుతుంది, తర్వాతి పాట అరుస్తుంది. గాయకుల పేరు మీద వచ్చినవి మెరుగు. విజయనగరంలో పుట్టి అక్కడి సంగీత కళాశాలలో నేర్చుకున్న సుశీలగారి పేరు మీద ఎన్ని క్యాసెట్లు వచ్చాయో లెక్కలేదు. 17,695 పాటలతో ఆమె 2016లో గిన్నిస్ రికార్డుకు ఎక్కారు కాబట్టి ఇంకో వెయ్యి సంకలనాలు వచ్చినా సరుకు తరగదు. స్వరకర్త పేరు మీద వచ్చినవి అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అందులో ఒక చెవి ఉంటుంది. ఇళయరాజా సంకలనం ఏది విన్నా అది పాటల కుప్పలా ఉండదు.

వీటన్నిటికీ ఒకే లోపం. కంపెనీ తన దగ్గర హక్కులున్న పాటలే తన సంకలనంలో పెట్టగలదు. ఒక సినిమా హక్కులు ఒకరివి, ఇంకో సినిమావి ఇంకొకరివి. 1989 నాటి మూడు సినిమాల పాటలు, రమణ గోగుల పాటలు, మణిశర్మ ఖుషి పాటలు, రెహమాన్ సఖి పాటలు ఒకే క్యాసెట్‌లో పెట్టాలంటే కంపెనీలన్నీ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంగ్లండులో అలా కూర్చున్నారు. 1983లో వర్జిన్, ఈఎంఐ కంపెనీలు చేతులు కలిపి రెండు చోట్లా ఉన్న హిట్లను ఒకే ఆల్బమ్‌గా తెచ్చాయి. నౌ పేరుతో ఆ వరస ఇప్పటికీ నడుస్తోంది. తెలుగులో అలాంటి పొత్తు నిలబడలేదు. ఆ లోటును రికార్డింగ్ షాపు పూడ్చింది.

అది చట్టం ఒప్పుకునే పని కాదు. ఒక్కో పాటకు షాపు తీసుకున్న డబ్బులో పైసా కూడా పాట చేసినవాళ్లకు చేరలేదు. ఆ నష్టం నిజం, దాన్ని తేలిక చేయను. పీటర్ మాన్యుయల్ 1993లో రాసిన క్యాసెట్ కల్చర్ పుస్తకం ఉత్తర భారతం మీద. చవకగా వచ్చిన క్యాసెట్ హెచ్‌ఎంవీ ఒక్కదాని చేతిలో ఉన్న సంగీతాన్ని ఊళ్లకు ఎలా పంచిందో, దొంగ క్యాసెట్ల వల్ల జరిగిన నష్టాన్నీ రెండింటినీ ఆయన ఒకేచోట చూపిస్తాడు. మా ఊళ్లోనూ అంతే. అయినా కంపెనీల గోడలు దాటి, సినిమా గోడలు దాటి, పాటను పాటగా పక్కపక్కన పెట్టి వినే అవకాశం ఆ షాపు దగ్గరే దొరికింది. వరస ఎలా ఉండాలో షాపు ఆయన నాకు నేర్పాడు. గట్టి పాట వెనక వెంటనే గట్టి పాట వద్దు. సైడ్ మొదట తెలిసిన పాట ఉండాలి, చివర నెమ్మదైనది ఉండాలి, తిప్పడానికి లేచేటప్పుడు అది చెవిలో ఉండిపోవాలి. రికార్డు చేసే ముందు దూదిని స్పిరిట్‌లో తడిపి హెడ్ తుడిచేవాడు. పాటకూ పాటకూ మధ్య నాలుగు సెకన్లు పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టేవాడు. పని అయ్యాక క్యాసెట్ వెనక ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకల్ని స్క్రూడ్రైవరు మొనతో విరిచి, “ఇంక సెరిగిపోదు బావూ” అని చేతిలో పెట్టేవాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ పాటలు చెరగకుండా ఉండటానికి కారణం ఆ విరిచిన పలకలే.

క్యాసెట్ పోయి ఎంపీ3 సీడీ వచ్చాక సంకలనం అనే మాటకే అర్థం మారింది. 700 ఎంబీ సీడీలో వందకు పైగా పాటలు పట్టేవి. వరస లేదు, ఎంపిక లేదు. కార్డు మీద కనీసం సినిమా పేరైనా ఉండేది, ఎంపీ3లో అదీ పోయి ట్రాక్ నంబరు మిగిలింది. 2017లో సరిగమ తెచ్చిన కారవాన్ పెట్టె 5,000 పాటలతో వచ్చింది. అమ్మానాన్నలకు బహుమతిగా కొన్న ప్రతి ఇంట్లో అది మంచి పని చేసింది. కాకపోతే అది కూడా ఒక కంపెనీ గోడల లోపలి తోటే.

*

విచిత్రం ఏమిటంటే తెలుగు మెలొడీ రాక్ నిజంగా పండింది సంకలనాలు చెడిపోయిన ఆ కాలంలోనే. 2003లో బాయ్స్ తెలుగులో వచ్చింది, ఒక బ్యాండు కథ. 2004లో 7/జీ బృందావన్ కాలనీతో యువన్ శంకర్ రాజా వచ్చాడు. అదే ఏడాది ఆర్యలో కేకే గొంతు మళ్లీ విన్నాం. ఖుషిలో హిందీ పాట పాడి తెలుగు కుర్రాళ్లను మెప్పించిన గొంతు అది. 2007లో హ్యాపీ డేస్. మిక్కీ జె. మేయర్ చేసిన ఆ పాటలు కాలేజీ గదిలో గిటారు నేర్చుకునే ఏ కుర్రవాడికైనా అందే ఎత్తులో ఉంటాయి. అదే దాని బలం. ఆ తర్వాత గిటారు కొన్న తెలుగు కుర్రాళ్లు ఎంతమంది మొదట వాయించింది ఆ సినిమా పాటలేనో నా చుట్టూ చూసి చెప్పగలను.

నా దృష్టిలో ఈ వరసలో తలమానికమైనవి రెండు: ఓయ్! (2009), ఆరెంజ్ (2010). ఓయ్! కథ విశాఖలో జరుగుతుంది, యువన్ సంగీతం. ఆరెంజ్‌కు హారిస్ జయరాజ్. రెండూ విడుదలైనప్పుడు ఆడలేదు. సినిమా పోతే పాట కూడా పోవడం మన ఆనవాయితీ. ఈ రెండింటి విషయంలో పాటలు మిగిలి, సినిమాల్ని వెనక్కి లాక్కొచ్చాయి. ఆరెంజ్ 2023లో, ఓయ్! 2024లో మళ్లీ విడుదలైతే హాళ్లలో జనం సీట్లలోంచి లేచి పాటలన్నీ గొంతెత్తి పాడారు. మొదటిసారి విడుదలైనప్పుడు పదేళ్లు కూడా నిండని పిల్లలకు ప్రతి మాటా నోటికి వచ్చు. ఆరెంజ్‌లో ఆరు రుచుల విస్తరి లేదు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే గిటారు రంగు, ఒకే వయసు గొంతు. సినిమా ఆల్బమ్ ఒక రాక్ ఆల్బమ్‌లా నిలబడటం తెలుగులో అంతకుముందు నేను వినలేదు. కథ ఎలా ఉన్నా ఆ ఆల్బమ్‌ను ఆల్బమ్‌గానే చూడాలి.

ఆ తర్వాత వివేక్ సాగర్ పెళ్లిచూపులు (2016), ఈ నగరానికి ఏమైంది (2018)తో, జస్టిన్ ప్రభాకరన్ డియర్ కామ్రేడ్ (2019)తో ఈ దారిని ముందుకు తీసుకెళ్లారు. హైదరాబాదులో చౌరస్తా లాంటి బ్యాండ్లు తెలుగులోనే కట్టి, తెలుగులోనే పాడి, సినిమా లేకుండా వినిపించుకుంటున్నాయి. 2025 సంక్రాంతికి రమణ గోగుల చాలా ఏళ్ల తర్వాత సంక్రాంతికి వస్తున్నాం సినిమాలో మళ్లీ పాడినప్పుడు, తమ్ముడు నాటికి పుట్టని పిల్లలు కూడా ఆ గరుకు గొంతు ఎవరిదని వెతికారు. ఫోనులో పేరు దొరికింది. ఇప్పటి యాప్‌లలో పాట మీద నొక్కితే రచయిత, స్వరకర్త, గాయకుడు ముగ్గురూ కనిపిస్తారు. అది పెద్ద మేలు. గిటారు పట్టిన కెబా జెరెమియా లాంటివాళ్ల పేర్లు కూడా అభిమానులే వెతికి పట్టుకుంటున్నారు. బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఏ.కె. రంగారావు గ్రామఫోను రికార్డులు వేలకొద్దీ పోగేసి, ‘ఆలాపన’ శీర్షికలో ఒక్కో పాటకూ పాడిందెవరో, కట్టిందెవరో తేల్చి రాసిన నిష్ఠ మన పాత పాటలకు దక్కింది. 1989 తర్వాతి గిటారు పాటలకు ఆ నిష్ఠ ఇంకా దక్కాల్సి ఉంది. నాకు కావలసిన సంకలనం కంపెనీల గోడలు దాటినదే కాదు, బేస్ వాయించిన చేయి పేరు, డ్రమ్స్ కొట్టిన చేయి పేరు, జానపదమైతే పాడిన ఊరి పేరు కూడా పాట పక్కన అచ్చయినది.

అలాంటి జాబితా ఒకటి నేనే మొదలుపెట్టాను. పాత క్యాసెట్‌ను టేప్ రికార్డరులో పెట్టి, పెన్సిలుతో వదులైన రిబ్బను బిగించి, ఒక్కో పాటా వింటూ, తెలిసిన ప్రతి పేరూ పక్కన రాసుకున్నాను. పదహారు పాటలు ఫోనులో ఆ వరసలోనే దొరికాయి. గోడలు లేవు, హక్కుల గొడవ లేదు, నాలుగు సెకన్ల విరామం మాత్రం లేదు.

పదిహేడోది అందులో లేదు. సైడ్ బీ చివర ఐదు నిమిషాలు మిగిలితే షాపు ఆయన నన్ను అడక్కుండానే దాన్ని ఎక్కించాడు. రథసప్తమి రాత్రి గుడి బయట, క్యూలో జనం సందడి మధ్య ఆయనే తన టేప్ రికార్డరు పట్టుకుని నిలబడి తీసుకున్న పాట. ఒక ఆడమనిషి గొంతు, కింద జముకు. రెండో చరణంలో దూరంగా ఎవరో పిల్లవాణ్ని పేరు పెట్టి పిలుస్తారు, గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, జముకు ఆగదు. కార్డు మీద 17 అంకె పక్కన ఆయన ‘జముకు’ అని రాసి, ఒక గీత గీసి, దాని ముందు చోటు ఖాళీగా వదిలాడు. ఆమె పేరు కనుక్కుని రాస్తానన్నాడు. షాపు మూతపడి చాలా ఏళ్లయింది. ఈ రథసప్తమికి ఫోనులో ఆ ఐదు నిమిషాలూ ఎక్కించుకుని గుడి దగ్గరికి వెళ్తున్నాను, జముకులవాళ్లు కూర్చునే వైపుకి.